పొగ రాని బొగ్గుకూ చిమ్నీ కావాలి

సంపాదకులకు నమస్కారం.

పెన్సిల్వేనియాలో బొగ్గు స్టోకర్ బాయిలర్లతో, అంటే బొగ్గును తమంతట తామే మంటలోకి తోసుకునే బాయిలర్లతో ఇళ్లు వెచ్చబెట్టుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గుకు పొగ రాదు కాబట్టి చిమ్నీ గురించి అంతగా పట్టించుకోనక్కర్లేదన్న వాక్యం మాత్రం దయచేసి సవరించండి. ఇక్కడ పాత ఇళ్లు కొంటున్న మనవాళ్లు అది నమ్మితే ప్రాణం మీదికొస్తుంది. నేను ఫ్యాక్టరీ బాయిలర్ అటెండెంటుగా రిటైరయ్యాను. ఇప్పుడు ఈశాన్య పెన్సిల్వేనియాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. వాళ్ల సెల్లారులో ఉన్నది స్టోకర్ బాయిలరే.

పొగ రాదన్నది నిజమే. ఇక్కడ తవ్వే ఆంత్రసైట్‌లో ఉన్నదంతా దాదాపు కార్బనే. కట్టెలకు పట్టినట్టు జిడ్డు మసి పట్టదు. కానీ గాలి చాలక ఆ కార్బన్ సగం సగం కాలితే పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. రంగూ వాసనా లేని విషం. కట్టెల పొగ వెనక్కి తన్నితే కళ్లు మండి మనిషి లేస్తాడు. దీనికి లేవడు. పడకగదుల దగ్గర దీన్ని పసిగట్టే అలారం పెట్టుకోమని వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు.

బాయిలర్ హౌసుల్లో పనిచేసినవాళ్లకైతే ఒకే మాట: ఈ బాయిలర్‌కు ఎఫ్‌డీ ఫ్యానుంది (గాలిని లోపలికి ఊదేది), ఐడీ ఫ్యాను (కాలిన వాయువును బయటికి లాగేది) లేదు. 'రైస్' సైజు సన్నబొగ్గును స్క్రూనో పుషరో గ్రేటు (నిప్పు ఉండే ఇనప జల్లెడ) మీదికి కొద్దికొద్దిగా తోస్తుంది, అడుగు నుంచి చిన్న ఫ్యాను గాలి ఊదుతుంది. బయటికి లాగే పనంతా చిమ్నీదే. ఆ లాగుడు ఎంతనుకున్నారు? నీటిమట్టం తేడాగా కొలిస్తే 0.02 నుంచి 0.04 అంగుళాలు, అంటే మన లెక్కలో సుమారు అర నుంచి ఒక మిల్లీమీటరు. అది మానోమీటర్ (ఒత్తిడి కొలిచే పరికరం) పెట్టి చూడాల్సిన విషయం. బిగించడానికి వచ్చినవాళ్లు డ్యాంపర్ దగ్గర అగ్గిపుల్ల వెలిగించి, లాగుతోందిలే అని చెప్పి వెళ్లిపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ డ్యాంపర్, అదే బారోమెట్రిక్ డ్యాంపర్, పైపు మీద బరువుతో ఊగే చిన్న రేకు తలుపు. చలి ముదిరి చిమ్నీ అతిగా లాగితే తెరుచుకుని సెల్లారు గాలిని కొంత కలుపుతుంది. లాగుడు తగ్గితే మాత్రం అది చేయగలిగింది ఏమీ లేదు. తగ్గేది అక్టోబరు, ఏప్రిల్ నెలల్లో వెచ్చటి రోజుల్లోనే. అప్పుడు స్టోకర్ నిప్పు ఆరిపోకుండా టైమర్ మీద కాసేపే నడుస్తుంది, చిమ్నీ చల్లబడుతుంది. పైన వంటగది ఎగ్జాస్టూ బట్టల డ్రయరూ ఇంట్లో గాలిని తోడేస్తుంటే, ఆ లోటు చిమ్నీలోంచే కిందికి దిగుతుంది. అందుకే సెల్లారుకు బయటి గాలి వచ్చే దారి విడిగా ఉండాలి.

చిమ్నీ లేకుండా కాలిన వాయువును గోడలోంచి ఫ్యానుతో పంపే మోడళ్లు కూడా దొరుకుతాయి. గ్యాస్ బాయిలరైతే కరెంటు పోగానే వాల్వు మూసుకుంటుంది, మంట ఆరుతుంది. గ్రేటు మీది బొగ్గు అలా ఆరదు, ఫ్యాన్లు ఆగినా చాలాసేపు కణకణలాడుతుంది. మంచు తుఫాను రాత్రి కరెంటు పోతే ఆ వాయువు ఎటు పోవాలి? నా ఓటు నిలువు చిమ్నీకే: లోపల మట్టి పలకల లైనర్ (లోపలి పొర), కప్పు దాటి కనీసం 3 అడుగుల ఎత్తు, 10 అడుగుల లోపున్న దేనికన్నా 2 అడుగులు పైకి. గ్యాస్ కోసం వేసిన అల్యూమినియం లైనర్ ఉంటే తీసేయాల్సిందే. బాయిలర్ నుంచి వెళ్లే పైపు అడుగుకు పావు అంగుళం చొప్పున ఎక్కుతూ పోవాలి, ప్రతి అతుకుకూ మూడు స్క్రూలు పడాలి.

మసి లేదు కదా అని చాలామంది ఆ పైపు విప్పనే విప్పరు. ఎగిరొచ్చిన సన్నబూడిద మలుపుల్లోనూ చిమ్నీ అడుగునా పేరుకుని దారి మూసేస్తుంది. అందులోని గంధకం వేసవిలో సెల్లారు చెమ్మతో కలిస్తే ఆమ్లమై రేకును తినేస్తుంది. నిప్పు ఆర్పిన వారంలోనే విప్పి దులపాలంటాను నేను. చలికాలం ముందు చూద్దాంలే మామయ్యా అంటాడు మా అల్లుడు. అప్పటిదాకా పైపు మిగలొద్దూ!

ఇట్లు,
ఒక రిటైర్డ్ బాయిలర్ అటెండెంట్,
పెన్సిల్వేనియా నుంచి