మధ్యలో పోయిన రెండు వారాలు

ఆల్బకర్కీ,
అక్టోబర్, ఆదివారం మధ్యాహ్నం

అమ్మా,

కంట్లో చుక్కలు ఆపేశారని, నల్లద్దాలు తీసేశావని తమ్ముడు చెప్పాడు. అందుకే అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో దాటేసిన ముక్క ఇక నీకు చెప్పొచ్చు.

ఫోన్లో నీకు చెబుతూ వస్తున్న ఆ అంతరిక్ష నవలల, 'ది ఎక్స్‌పాన్స్' కథ, ఆపరేషన్ అయిన మూడో రోజు ఎక్కడ ఆగిందో గుర్తుందా? నాలుగో పుస్తకంలోని గ్రహం మీద ఒక్కొక్కరికీ చూపు పోతోందని మొదలుపెట్టానో లేదో, "ఒసేయ్, ఇప్పుడు నాకదెందుకే, ముందుకెళ్లు" అన్నావు. నేను ఏకంగా ఐదో పుస్తకంలోకి దూకేశాను. రెండు ఆదివారాలు ఊఁ కొట్టావు. మొన్న మాత్రం ఉన్నట్టుండి, "అది సరేగానీ, డాక్టరీ చదువుతానని ఓడెక్కిన పిల్ల ఏమైందే?" అన్నావు. లైను కట్టయింది.

తమాషా ఏంటంటే, నువ్వు దాటేయించిన ఆ నాలుగో పుస్తకాన్నే ఇక్కడ కూడా చాలామంది దాటేయమంటారు. దాని పేరు సిబోలా బర్న్. 2011లో మొదలై 2021లో ముగిసిన తొమ్మిది పుస్తకాల్లో అది 2014లో వచ్చింది. జేమ్స్ ఎస్. ఎ. కోరీ అన్న పేరుతో ఇద్దరు కలిసి రాస్తారని చెప్పాను కదా, వాళ్లలో డేనియల్ అబ్రహామ్ పుట్టింది ఈ ఊళ్లోనే. అందుకని మా లైబ్రరీలో ఈ పుస్తకాలు చదివే పదిమందికీ ఇదేదో సొంతింటి వ్యవహారంలా ఉంటుంది. తిట్టినా ఇంట్లోవాళ్లని తిట్టినట్టే తిడతారు.

వాళ్ల కోపానికి కారణం లేకపోలేదు. మొదటి మూడు పుస్తకాల్లో భూమివాళ్లు, కుజుడివాళ్లు, గ్రహశకలాల మీద బతికే బెల్టువాళ్లు కత్తులు నూరుకుంటూ ఉంటారు. మూడోదాని చివర పదమూడు వందలకు పైగా కొత్త లోకాలకు దారులు తెరుచుకుంటాయి. అంత ఊరించి, నాలుగోదాంట్లో ఇచ్చింది ఒకే గ్రహం, ఒక చిన్న పల్లె, ఒక భూమి తగాదా. ల్యాబ్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన ఒకాయన పుస్తకం బల్ల మీద బోర్లించి, "అంతరిక్షం అని చెప్పి బురదలో నడిపించారు నన్ను" అన్నాడు. తాకితే ప్రాణం తీసే, గుల్ల లేని నత్తల్లాంటి పురుగులు కూడా ఆయనకు నచ్చలేదు. పక్కనున్న నర్సు బాధ వేరు. అంత చదువుకున్న ఎల్వీ అనే జీవశాస్త్రవేత్త, ఊరు మునిగిపోతుంటే హీరో హోల్డెన్‌ని చూసి కరిగిపోవడమేంటని. ఆ మాట నేనూ ఒప్పుకున్నాను.

అందరూ కలిసి దుమ్మెత్తి పోసింది మర్ట్రీ మీద. ఆ గ్రహం మాదనే కంపెనీకి సెక్యూరిటీ ఆఫీసర్. మరీ సినిమా విలన్‌లా ఉన్నాడు, మనిషన్నవాడు అలా ఉండడు అన్నారు. అప్పటిదాకా నోరు విప్పని ఒక పెద్దాయన నవ్వాడు. స్పెయిన్ రాజుల కాలంలో పట్టా పుచ్చుకున్న కుటుంబం వాళ్లది. 1848లో ఈ నేల అమెరికా చేతికొచ్చాక, అలాంటి పట్టాలు ఎన్నో కోర్టుల్లో పోయాయి. "మీరెప్పుడూ ఇలాంటివాణ్ణి చూడలేదంటే మీ అదృష్టం" అన్నాడు. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నాన్నకు ఈ తగాదా చదివి వినిపించు. గురుగ్రహపు చందమామ గానిమీడ్‌లో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న జనం ముందొచ్చి, ఊరు కట్టుకుని, లిథియం తవ్వుకుంటూ ఆ గ్రహాన్ని ఇలస్ అని పిలుచుకుంటారు. తర్వాత కంపెనీవాళ్లు ఐక్యరాజ్యసమితి కాగితం పట్టుకొచ్చి, ఇది న్యూ టెర్రా, మాది అంటారు. ఎవరు ఏ పేరు పలికారో వింటే చాలు, ఏ పక్షమో తెలిసిపోతుంది. నాన్న వెంటనే, "అడంగల్‌లో పట్టాదారు సంగతి సరే, అనుభవదారు కాలమ్‌లో ఎవరి పేరుంది?" అంటారు చూడు. ముప్పై ఏళ్లు గొలుసు పట్టుకుని గట్ల వెంట తిరిగిన మనిషి. మా లైబ్రరీలో ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

సిబోలా అన్న పేరూ ఈ నేలదే. 1540లో కొరొనాడో అనే స్పానిష్ దొర, బంగారు పట్టణాలున్నాయని విని సైన్యంతో మెక్సికో నుంచి వచ్చాడు. సిబోలా అనుకున్నచోట కనిపించింది ఇక్కడి ఆదివాసులైన జూనీ జనం ఇళ్లు. ఆ చలికాలం మాకు ఉత్తరాన నది ఒడ్డున మకాం పెట్టి, అక్కడివాళ్ల తిండీ బట్టా లాక్కున్నారు. వాళ్లు తిరగబడితే ఊళ్లు తగలబెట్టారు. పోయిన శనివారం బెర్నలీయో వెళ్లి క్వావా అనే ఆనాటి ఊరి శిథిలాలు చూసొచ్చాను. మోకాలెత్తు మట్టిగోడలు, వెనక నది. బోర్డు మీద మాత్రం పెద్దక్షరాల్లో కొరొనాడో పేరే ఉంది. దార్లో కొట్టు ముందు తీగల పీపాలో వేసి పచ్చిమిర్చి కాలుస్తున్నారు. ఆ ఘాటుకి దగ్గొచ్చి సత్తెనపల్లి గుర్తొచ్చింది.

టీవీలో వచ్చినప్పుడూ ఇదే గొడవ. 2018లో మూడు సీజన్లకే ఆపేస్తామంటే, అభిమానులు విమానానికి బ్యానర్ కట్టి ఎగరేసి మరీ వేరే సంస్థ చేత కొనిపించారు. తీరా 2019 డిసెంబర్లో వచ్చిన నాలుగో సీజన్ ఈ కథే. అంత పోరాడింది దీనికా అన్నవాళ్లు ఉన్నారు.

దాటేయమన్నప్పుడల్లా నాకు నీ బైండు పుస్తకమే గుర్తొస్తుంది. వారపత్రికల్లోంచి చింపి, దబ్బనంతో పొడిచి, దారంతో కుట్టావే, అది. మధ్యలో రెండు వారాలవి పక్కింటివాళ్లు రైల్లో చదువుకుంటామని పట్టుకెళ్లి పోగొట్టారని, అక్కడొక తెల్లకాగితం పెట్టి "ఇక్కడ రెండు వారాలు లేవు" అని రాశావు. పదేళ్ల వయసులో నేను ఆ తెల్లకాగితాన్ని చూసినంతసేపు ఏ పేజీనీ చూడలేదు.

సరే, నీకు లేని రెండు వారాలు ఇవి. సముద్రం అవతల ఒక దీవి పేలి, తుఫానొచ్చి, ఊరు కొట్టుకుపోతుంది. అందరూ పాత కట్టడంలో తలదాచుకుంటారు. వాన నీళ్లలోని సూక్ష్మజీవి కళ్లలో చేరి పెరిగి, చూపు కప్పేస్తుంది. హోల్డెన్‌కి మాత్రం ఏమీ కాదు. రేడియేషన్ తగిలినప్పటి నుంచి క్యాన్సర్‌కని వేసుకునే మందే ఆ జీవిని చంపుతోందని ఎల్వీ కనిపెడుతుంది. ఆ మందే అందరికీ ఇస్తే చూపొస్తుంది. నీకులాగే, కాకపోతే నల్లద్దాలు లేకుండా.

ఇక ఆ పిల్ల. ఫెల్సియా. హీరో బతికాడా అని నువ్వు ఒక్కసారీ అడగలేదు! పైన ఓడలన్నిటికీ ఇంజన్లు ఆగిపోతాయి. ఆమె ఎక్కిన పాత సరుకు ఓడ రోజురోజుకీ కిందికి జారుతుంటుంది. పంపనంటే పంపనని మొండికేసిన తండ్రి బాషియా వెల్డర్. అతనే వేరే ఓడలోంచి బయటికొచ్చి, శూన్యంలో వేలాడుతూ, రెండు ఓడలకీ మధ్య మోకు కడతాడు. ఆ ఓడ చివరికి దక్కదు, పిల్ల దక్కుతుంది.

జవాబు నువ్వే రాయి, తమ్ముడి చేత రాయించకు. ఆ బైండు పుస్తకంలో అమ్మాయి మద్రాసు ఎలా చేరింది? గాజులమ్మి టికెట్ కొనుక్కుందా, అత్తగారే డబ్బులిచ్చి పంపిందా? నాకు రెండూ చెప్పావు.

నీ
పెద్దమ్మాయి