గ్రామ గ్రూపుల్లో ప్రశ్నకు చోటుండాలి

సంపాదకుడు గారికి,

గ్రామాల్లో, కాలనీల్లో, పూర్వ విద్యార్థుల సంఘాల్లో మంచిచెడ్డల చర్చ ఇప్పుడు చాలావరకు వాట్సాప్ గ్రూపుల్లోనే సాగుతున్నది. అక్కడ అడ్మిన్ ఒక వ్యాఖ్యను తొలగిస్తే వాక్‌స్వాతంత్ర్యాన్ని హరించారని ఒకరు గొడవకు దిగుతారు. తొలగించకపోతే పోలీసు కేసు పెడతామని మరొకరు బెదిరిస్తారు. చట్టం చూడవలసినదేదో, గ్రూపు తనంతట తాను చక్కబెట్టుకోవలసినదేదో వేరుచేసి చూడకపోవడం వల్లనే ఈ రెండు ధోరణులూ పెరుగుతున్నాయని నా అభిప్రాయం.

రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన భావప్రకటన హక్కు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేది. చిరాకు, అసౌకర్యం కలిగించేందుకు సందేశం పంపినా మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చన్న సమాచార సాంకేతిక చట్టం 66ఎ సెక్షన్‌ను, కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం 2015 మార్చి 24న కొట్టివేసింది. ఒక విషయాన్ని చర్చించడం, దాని తరఫున గట్టిగా వాదించడం ఎంత అప్రియంగా ఉన్నా హక్కులోని భాగమేనని, మాట ఉసిగొల్పే స్థాయికి చేరినప్పుడే ఆంక్షల ప్రశ్న వస్తుందని ఆ తీర్పు వివరించింది. ఏది చిరాకో ఎవరికి తోచినట్టు వారు నిర్ణయించుకోగల అస్పష్టతే ఆ సెక్షన్‌లోని పెద్ద దోషం. అయినా ఆ తరువాత కూడా దాని కింద కేసులు నమోదవుతూనే వచ్చాయి. ఇక ఎవరినీ ఆ సెక్షన్ కింద ప్రాసిక్యూట్ చేయరాదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించవలసి వచ్చింది.

చట్టం అస్పష్టంగా ఉండరాదని కోరిన మనమే గ్రూపుల్లో అంతకన్నా అస్పష్టమైన నియమాలు పెట్టుకుంటున్నాం. వాటిలో అన్నిటికన్నా హానికరమైనది ‘రాజకీయాలు వద్దు’ అన్నది. తాగునీటి ట్యాంకు ఎందుకు కడగలేదని, సీసీ రోడ్డుకు ఎంత ఖర్చయిందని, అర్హురాలైన వృద్ధురాలికి పింఛను ఎందుకు ఆగిందని అడిగితే రాజకీయమంటున్నారు; నాయకుడి జన్మదిన ఫ్లెక్సీ ఫొటో పెడితే మాత్రం కాదంటున్నారు. అదే గ్రూపులో ప్రశ్న అడిగిన మహిళ కులాన్నో ఇంటివారినో ఎత్తిపొడిచిన సందేశం ఎవరూ తీయకుండా అలాగే ఉండిపోతుంది, ఆమె ఇక నోరు విప్పదు. ఆమె కోల్పోయినది కూడా వాక్‌స్వాతంత్ర్యమేనని గుర్తించేవారు తక్కువ. నా దృష్టిలో మన గ్రూపుల్లో అందరికన్నా ఎక్కువగా నష్టపోతున్నది ఇలా మౌనం వహించినవారే.

తమ మీద కేసు వస్తుందన్న భయంతోనే చర్చను మొత్తంగా ఆపేస్తున్నామని కొందరు అడ్మిన్‌లు అంటారు. ఇతరులు పెట్టిన సందేశానికి కేవలం అడ్మిన్ అయినందువల్ల నేరబాధ్యత అంటదని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు స్పష్టం చేశాయి. కనుక భయపడి అభిప్రాయాలను తుడిచివేయనక్కరలేదు. అదుపు చేయవలసినది ప్రవర్తనను. కులదూషణ, ఇంటి ఆడవాళ్ల ప్రస్తావన, అనుమతి లేకుండా ఒకరి ఫోన్ నంబరో ఫొటోనో పెట్టడం, నిర్ధారించుకోని వార్తను ఫార్వర్డ్ చేయడం వంటివాటిని ఏ పార్టీవారు చేసినా, అడ్మిన్ బంధువే చేసినా తొలగించాలి. ఆ నియమాలను ముందే రాసి అందరికీ కనబడేలా ఉంచాలి, తొలగించినప్పుడు కారణం చెప్పాలి.

ఇక పంచాయతీ కార్యదర్శులు, సర్పంచులు, వార్డు అధికారులు తమ హోదాలో నడిపే గ్రూపుల సంగతి వేరు. అవి ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య సమాచార మార్గాలు. మురుగుకాల్వ గురించి అడిగిన వ్యక్తిని వాటి నుంచి తీసివేయడాన్ని ఒక అడ్మిన్ ఇష్టాయిష్టాలకు వదిలేయరాదు. ఇటువంటి గ్రూపుల్లో ఏ కారణంపై సభ్యుణ్ని తొలగించవచ్చో, తొలగించబడినవారు ఎవరికి ఫిర్యాదు చేసుకోవాలో తెలుపుతూ రెండు తెలుగు రాష్ట్రాల పంచాయతీరాజ్ శాఖలూ లిఖితపూర్వక ఉత్తర్వులు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, తెనాలి