డివిడెండ్ పెంచాలని గొడవ చేసినవాడి ఉత్తరం

సంపాదకులకు నమస్కారం.

అప్పుల యాప్‌ల వేధింపుల మీద మీ పత్రికలో వరసగా వార్తలు వస్తున్నాయి. ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ కాల్ చేసి పరువు తీయడం, ఫొటోలు మార్చి బంధువులకు పంపడం, చదువుతుంటేనే ఒళ్లు మండిపోతోంది. రాస్తున్నందుకు సంతోషం. కాకపోతే ప్రతి వార్త చివరా ఒకే ముక్క కనిపిస్తోంది, ప్రజలు అప్రమత్తంగా ఉండాలి అని. ఉంటారు సరే, రేపు పొద్దున్న ఆస్పత్రి కౌంటర్లో కట్టాల్సిన డబ్బు ఎవరిస్తారు? యాప్ నొక్కేవాడికి అది మంచిది కాదని తెలియక కాదు, పది నిమిషాల్లో ఇంకెవరూ ఇవ్వరు కాబట్టి నొక్కుతాడు. ఆ 'ఇంకెవరు' గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, కావాలంటే కత్తిరించుకోండి, రిజర్వు నిధి (మిగులు పంచుకోకుండా పక్కన పెట్టే డబ్బు) గురించి రాసిన భాగం మాత్రం ఉంచండి.

నేను స్కూల్ వ్యాను నడుపుతాను. సొంత బండి. దాని మీద అప్పు రెండు చోట్ల ఉండేది, పెద్ద మొత్తం ఒక ఫైనాన్స్ కంపెనీలో, మిగతాది మా పరపతి సంఘంలో. పరపతి సంఘం అనగానే అదేదో గవర్నమెంటు ఆఫీసు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కాదండీ. సభ్యులమే వాటా డబ్బు కట్టి, నెలనెలా పొదుపు వేసుకుని, ఆ డబ్బులోంచి మాలో అవసరం పడినవాళ్లకి అప్పు ఇచ్చుకుంటాం. బయటివాళ్లకి ఇవ్వం. లాభం కోసం ఎదురుచూసే షేర్‌హోల్డర్లు బయటెక్కడా ఉండరు. వాటాలు ఎన్ని ఉన్నా మనిషికి ఓటు ఒకటే. కొన్ని దేశాల్లో క్రెడిట్ యూనియన్ అంటారు, పేరు ఏదైనా వ్యవహారం ఇదే.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. నా ఆదాయం తగ్గలేదు, ఏకంగా సున్నా అయింది. ఫైనాన్స్ కంపెనీ వాళ్లు గడువుకి రెండు రోజుల ముందు నుంచే మెసేజీలు పెట్టేవాళ్లు, గడువు దాటాక ఫోన్లు, ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతి గొంతుకీ స్కూళ్లు మూసేశారని, పిల్లలు రావట్లేదని, నాది స్కూల్ వ్యానని మొదట్నుంచీ చెప్పుకోవాలి. అంతా విని చివర్లో 'అయితే ఎప్పుడు కడతారు సార్' అనేవాళ్లు. వాళ్లనీ ఏమనలేం, వాళ్ల ముందున్న స్క్రీన్‌లో నేను ఎన్ని రోజులు ఆలస్యమో చూపించే ఒక అంకెని, అంతే.

సంఘం నుంచి ఒక్కటే ఫోన్ వచ్చింది. కార్యదర్శిగారే చేశారు. "ఏమండీ, స్కూళ్లు ఇప్పట్లో తెరిచేలా లేవు కదా. కిస్తీ కట్టలేకపోతే చెప్పుకుందాం, ఒకసారి రండి. మొహం చాటేయడం మాత్రం వద్దు." నిజం చెప్పాలంటే చాటేద్దామనే అనుకున్నాను అప్పటికి.

వెళ్లాను. మాస్కులు కట్టుకుని నలుగురం బల్లకి ఆ చివరా ఈ చివరా కూర్చున్నాం. తెల్లకాగితం ఇచ్చి దరఖాస్తు రాయమన్నారు, మూడు వాక్యాలు: ఆదాయం ఆగింది, ఆరు నెలలు అసలు కట్టలేను, వడ్డీ వీలైనంత కడతాను. జామీను ఉన్న ఇద్దరినీ మళ్లీ పిలిచి సంతకాలు తీసుకున్నారు. అందులో ఒకాయనది జిరాక్స్ షాపు, అదీ మూతే, ఆయన సంతకం పెడుతూ "నాకూ ఒక కాగితం ఇవ్వండి, నాదీ ఇదే దరఖాస్తు" అన్నాడు. అంత టెన్షన్లోనూ నవ్వొచ్చింది. గుమస్తా నా పాస్‌బుక్ తీసి, స్కేలు పెట్టి మరీ పాత వాయిదాల కింద ఎర్ర గీత గీసి, పక్కన కొత్త తేదీలు రాసి ఇచ్చాడు. అప్పు మాఫీ కాలేదు, వడ్డీ మాఫీ కాలేదు. గడువు దొరికింది. ఆ వేళ నాకు కావల్సింది కూడా అదే, ఎవరూ దానం చేయక్కర్లేదు, నేను మళ్లీ బండి తీసేదాకా ఆగితే చాలు.

ఇప్పుడు అసలు సంగతి.

అంతకు రెండేళ్ల ముందు మా మహాసభలో డివిడెండ్ మీద పెద్ద రగడ జరిగింది. ఆ ఏడు మిగులు బాగా వచ్చింది. పాలకవర్గం చాలా భాగం రిజర్వు నిధికి మళ్లించి, సభ్యులకి పంచేది తక్కువగా చూపించింది. లేచి గట్టిగా అడిగినవాళ్లలో నేను మొదటివాణ్ణి. "మా డబ్బు మాకివ్వకుండా మూటగట్టి ఎవరికోసం దాస్తున్నారు?" అన్నాను, చప్పట్లు కూడా పడ్డాయి. కార్యదర్శిగారు పెద్దగా వాదించలేదు, "చెడ్డ ఏడు వస్తే కావాలి కదండీ" అని కూర్చున్నారు. ఓటింగులో మేము కొద్ది తేడాతో ఓడిపోయాం. నెగ్గి ఉంటే తలా కొంచెం డబ్బు ఇంటికి పట్టుకుపోయేవాళ్లం, 2020లో నా పాస్‌బుక్‌లో ఎర్ర గీత గీయడానికి సంఘం దగ్గర వెసులుబాటు ఉండేది కాదు. నేను ఆగిపోయినా పొదుపు దాచుకున్నవాళ్లు వచ్చి అడిగితే సంఘం ఇవ్వాలి కదా, ఆ డబ్బు ఎక్కడినుంచో రావాలి. నాకిచ్చిన గడువు కార్యదర్శి మంచితనంలోంచి పుట్టింది కాదు (మంచివారే, అది వేరే సంగతి), మంచి ఏళ్లలో మేము తిట్టుకుంటూ వదులుకున్న డివిడెండ్‌లోంచి పుట్టింది.

ఈ రిజర్వు పిచ్చి ఆయన సొంత చాదస్తం అనుకునేవాణ్ణి. బండి ఇంటి ముందు నిలబడిపోయిన ఆ నెలల్లో పనిలేక చదివితే తెలిసింది, దీని వయసు నూట యాభై ఏళ్లకి పైమాటేనని. జర్మనీలో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజన్ అని ఒక పల్లెకి మేయరు. 1846-47 చలికాలంలో పంటలు పోయి జనం ఆకలితో అల్లాడుతుంటే, డబ్బున్నవాళ్లకే అమ్మాలని పైనుంచి వచ్చిన పిండిని పేదలకి అరువు మీద ఇచ్చేశాడు. కలిగినవాళ్ల దగ్గర డబ్బు పోగుచేసి రొట్టెలు కాల్చే భట్టీ కట్టించాడు. ఆ తర్వాత ఇంకో చోట రైతులు పశువులు కొనుక్కోవడానికి ఒక సహాయ సంఘం పెట్టాడు. అన్నీ ఉన్నవాళ్ల దయ మీద నడిచినవే, కొన్నేళ్లయ్యేసరికి ఆ దయ అలిసిపోయింది. అలిసిపోదా మరి? అందుకని 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో లెక్కే మార్చేశాడు, అప్పు కావాలంటే ముందు సభ్యుడిగా చేరాలి, సంఘం బాకీలకి అందరూ కలిసి పూచీ. దాంతోపాటు ఇంకో పట్టుదల, మిగులు పంచుకోకూడదు, ఎవరూ విడదీసి తీసుకోవడానికి వీల్లేని నిధిగా ఉండిపోవాలి. మహాసభలో నేను లేచి అరిచింది ఈయన మాట మీదన్నమాట.

కెనడాలో ఆల్ఫాన్స్ డెజార్డాన్ అనే ఆయన పార్లమెంటులో ప్రసంగాలు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునే ఉద్యోగి. వడ్డీ వ్యాపారుల దోపిడీ మీద అక్కడ జరిగిన చర్చ విని ఊరుకోలేక, యూరప్‌లో ఇలాంటి సంఘాలు ఎలా నడుస్తున్నాయో ఉత్తరాలు రాసి తెలుసుకుని, 1900 డిసెంబరులో లెవీ అనే పట్టణంలో ఒకటి పెట్టాడు. పడిన మొదటి డిపాజిట్ 10 సెంట్లు. ఆయన ఉద్యోగానికి ఒట్టావాలో ఉన్న రోజుల్లో వ్యవహారం చూసుకుంది భార్య డొరిమెన్. (ఇలాంటి కథల్లో భార్య పేరు ఎప్పుడూ చివరి వాక్యంలోనే వస్తుంది, నేనూ అదే చేశాను.) మనకీ కొత్త కాదు, 1890ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో వ్యవసాయ బ్యాంకుల సంగతి చూడమని ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారికి అప్పగిస్తే, ఆయన ఇచ్చిన అంత లావు నివేదిక సారాంశం 'రైఫైజన్‌ను వెతకండి' అన్న ఒక్క మాట. 1904లో పరపతి సంఘాల చట్టం వచ్చింది.

మా కార్యదర్శి నాకు ఫోన్ చేయగలిగింది నేనెవరో తెలుసు కాబట్టి. ఈ తెలిసి ఉండడం చిన్న విషయం కాదు. 2018 డిసెంబరు 22 నుంచి 35 రోజులు అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని బడ్జెట్ గొడవతో మూతపడి, లక్షల మంది ఉద్యోగులకి జీతాలు ఆగిపోతే, అక్కడి క్రెడిట్ యూనియన్లు చాలా చోట్ల వాళ్లకి వడ్డీ లేకుండా చేబదులు లాంటి అప్పులిచ్చాయి. ఎలా ఇవ్వగలిగాయి? నెలనెలా ఆ జీతాలు తమ దగ్గరి ఖాతాల్లోనే పడుతున్నాయి, ఎవరిది ఎంతో తెలుసు, ఆఫీసు తెరిస్తే మళ్లీ వస్తుందనీ తెలుసు. యాప్ కూడా నా గురించి తెలుసుకుంటుంది లెండి, నా ఫోన్లో ఎవరెవరి నంబర్లు ఉన్నాయో వాటితో సహా. తెలుసుకుని ఏం చేస్తుందో మీరే రాస్తున్నారు.

అలాగని సంఘాలన్నీ గొప్పవని నేను చెప్పడం లేదు. బంధువులకి అప్పులిచ్చి వసూలు మర్చిపోయిన పాలకవర్గాలు, పదేళ్లు ఆడిట్ లేని సంఘాలు, సంఘం అని బోర్డు పెట్టి ఎక్కడా లేని వడ్డీ ఆశ చూపి డిపాజిట్లు దండుకుని తలుపులు మూసినవాళ్లు, అందరినీ చూశాం. ఒకసారి మా చుట్టాల డబ్బు కూడా అలా పోయింది, ఆ కథ వేరే ఉత్తరం అవుతుంది. నిజాయితీగా నడిచేదానికి కూడా పుట్టుకతో వచ్చిన బలహీనత ఒకటి ఉంది, ఇది చాలామంది ఆలోచించరు. సభ్యులందరిదీ ఒకే పని అయినా, ఒకే ప్రాంతం అయినా, కష్టం కూడా అందరికీ ఒకేసారి వస్తుంది. అప్పు తీసుకున్నవాడు కట్టలేని నెలలోనే పొదుపు చేసుకున్నవాడు తన డబ్బు కోసం వస్తాడు. మా సంఘంలో టీచర్లు, నర్సులు, కరెంటు ఆఫీసు వాళ్లు, నాలాంటి డ్రైవర్లు కలిసి ఉండబట్టి, 2020లో కొందరి జీతాలు ఆగకుండా రాబట్టి, తట్టుకుంది. అందరం వ్యాను డ్రైవర్లమే అయ్యుంటే ఎంత రిజర్వు ఉన్నా ఎన్ని నెలలు వచ్చేది?

అందుకే చిన్న సంఘాలు కలిసి పైన ఒక కేంద్ర సంఘం పెట్టుకుంటాయి, ఒకచోట కరువొస్తే ఇంకోచోటి మిగులు అక్కరకొస్తుందని. రైఫైజన్ కూడా 1872లో నాయ్‌వీడ్‌లో అలాంటిది పెట్టాడు. మరి ఆ పైనున్నది అత్యాశకి పోతే? అమెరికాలో క్రెడిట్ యూనియన్లు తమ మిగులు దాచుకునే పెద్ద సంస్థలు రెండు, యు.ఎస్. సెంట్రల్, వెస్‌కార్ప్, ఇళ్ల తనఖాల మీద పుట్టిన బాండ్లు కొని దెబ్బతిని 2009 మార్చిలో నియంత్రణ సంస్థ చేతికి వెళ్లిపోయాయి. ఆ నష్టం పూడ్చడానికి, ఆ బాండ్ల మొహం కూడా చూడని చిన్న చిన్న సంఘాలు ప్రత్యేకంగా డబ్బు కట్టాల్సి వచ్చింది. కాబట్టి రిజర్వు ఉందా అని అడిగితే సరిపోదు, దాన్ని ఎక్కడ పెట్టారు అని కూడా అడగాలి. ఇప్పుడు మహాసభలో నేను అడిగేది అదే, కార్యదర్శిగారు కాస్త విసుక్కుంటున్నారు కూడా.

గడువు కూడా అందరికీ ఇచ్చేయకూడదు. ఇది రాస్తే కొందరు సభ్యులు నా మీద కోప్పడతారు. ఆ ఏడు ఆదాయం ఏమాత్రం తగ్గని ఇద్దరు ముగ్గురు కూడా దరఖాస్తు పెట్టారు, అందరికీ ఇస్తున్నారు కదా మాకెందుకివ్వరు అని. పాలకవర్గం ఇవ్వలేదు. మాటలు పడింది, ఇవ్వలేదు. జీతం వస్తున్నవాడి కిస్తీ ఆపితే ఆ భారం పడేది జీతం లేనివాడి గడువు మీదే.

బడులు తెరిచాక నా కిస్తీలు మళ్లీ మొదలయ్యాయి, మొత్తం తీరేసరికి అనుకున్నదానికంటే ఏడాదిన్నర ఎక్కువ పట్టింది, వడ్డీ కూడా ఆ మేరకు ఎక్కువే కట్టాను. బండి మిగిలింది. ఫైనాన్స్ కంపెనీ అప్పు కూడా చివరికి సంఘంలోనే ఇంకో అప్పు పెట్టి తీర్చేశాను, ఆ కొత్త కొత్త గొంతులు ఇంక వినలేక.

సంపాదకులుగారూ, ఒక్కటే అడుగుతున్నాను. యాప్‌ల వార్త వేసినప్పుడల్లా పక్కన చిన్న బాక్సులో, పరపతి సంఘంలో చేరాలనుకునేవాళ్లు ముందు ఏం చూసుకోవాలో వేయండి. ఆఖరి ఆడిట్ ఏ ఏడాదిది, రిజర్వు నిధి ఎంత, అది ఎక్కడ పెట్టారు, రావాల్సిన అప్పుల్లో గడువు దాటినవి ఎన్ని, పాలకవర్గం వాళ్లు తీసుకున్న అప్పులెన్ని, పోయినసారి మహాసభకి ఎంతమంది వచ్చారు. లెక్కల కాగితం చూస్తే భయపడేవాళ్లే ఎక్కువ, నేనూ భయపడ్డాను, ఒక నమూనా పెట్టి ఏ వరస ఏం చెబుతుందో వివరిస్తే చాలా మందికి పనికొస్తుంది. నమూనా కావాలంటే సభ్యుల పేర్లు కొట్టేసి మా ఆడిట్ నివేదిక జిరాక్స్ పంపిస్తాను. మా కార్యదర్శిగారిని అడిగాను, అభ్యంతరం లేదన్నారు, "ఆ డివిడెండ్ గొడవ కూడా రాయండి" అని నవ్వారు. రాశాను.

ఇట్లు,
ఒక స్కూల్ వ్యాను డ్రైవరు, పరపతి సంఘం సభ్యుడు