రేడియేషన్ పెట్టిన చర్మానికి డాక్టరు చీటీలో రాసిన డ్రెస్సింగ్‌కు బదులు మరొకటి పంపినందుకు ఫిర్యాదు

హైదరాబాద్,
మే 18.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: డాక్టరు చీటీలో ఉన్న సిలికాన్ డ్రెస్సింగ్‌కు బదులు జిగురు డ్రెస్సింగ్ పంపడం, దానివల్ల నాకైన గాయం, చికిత్స వాయిదా పడటం గురించి.

అయ్యా,

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో నివసిస్తున్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలిని. మీ సంస్థ యాప్‌లో నాలుగేళ్లుగా మా ఇంటి బీపీ మాత్రలు, షుగరు మాత్రలు తెప్పించుకుంటున్నాము. ఇంతవరకు ఫిర్యాదు చేయవలసిన అవసరం రాలేదని కూడా ముందే చెబుతున్నాను. ఏప్రిల్ 27న నేను ఇచ్చిన ఆర్డరు విషయంలో జరిగినది మాత్రం మీ కస్టమర్ కేర్ వారు నమోదు చేసుకున్నట్టు "వస్తువు నచ్చకపోవడం" కాదు. అందుకే మొత్తం వివరంగా రాస్తున్నాను.

ఎడమ రొమ్ములోని క్యాన్సర్ గడ్డను ఆపరేషన్‌తో తీసివేసిన తరువాత, ఏప్రిల్ 6 నుంచి నగరంలోని ఒక ఆసుపత్రిలో నాకు రేడియేషన్ మొదలుపెట్టారు. మా ఊళ్లో పెద్దవాళ్లు దీన్నే "కరెంటు పెట్టడం" అంటారు. మొత్తం రొమ్ముకు 15 సిట్టింగులలో 40 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), ఆపైన గడ్డ ఉన్న చోటికి మాత్రమే బూస్ట్ పేరుతో మరో 5 సిట్టింగులు ఇవ్వాలన్నది డాక్టరు గారి లెక్క. మొదటి వారమంతా ఏమీ తెలియలేదు. రెండో వారం చివరికి చర్మం ఎర్రబడి, ఎండలో నిలబడి వచ్చినట్టు చురచురలాడటం మొదలైంది. మూడో వారంలో రొమ్ము కింది మడత దగ్గర, చంక దగ్గర నల్లగా కమిలి, మడతలో చర్మం పొరలుగా లేచి నీరు కారసాగింది. ఏప్రిల్ నెలాఖరు ఎండల్లో, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో రోజూ వెళ్లి వచ్చేసరికి, ఆ మడతలో చెమట చేరి, జాకెట్టు అంచు ఒరుసుకుంటుంటే ఎలా ఉండేదో రాయడం నాకు చేతకాదు. చివరికి జాకెట్టు మానేసి, మా వారి పాత నూలు బనియను తిరగేసి, కుట్టు ఒరుసుకోకుండా తొడుక్కుని, పైన వదులు చొక్కా, దాని మీద చున్నీ వేసుకుని ప్రయాణం చేశాను.

ఈ గాయం స్వభావం మీకు తెలియకపోతే నా ఫిర్యాదు అర్థం కాదు కాబట్టి, నేను పిల్లలకు జీవశాస్త్రం పాఠంలో చెప్పేదే ఇక్కడా చెబుతాను. మన చర్మం పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతూ ఉంటుంది. దాని అట్టడుగున ఉన్న కణాలు విభజన చెంది, సుమారు నాలుగు వారాలలో పైకి చేరి, రాలిన చోటును నింపుతాయి. రేడియేషన్ ఆ అడుగు కణాలనే దెబ్బతీస్తుంది. పైన రాలడం ఆగదు, కింద నుంచి రావలసినవి రావు. అందుకే ఇది నిప్పు తగిలిన బొబ్బలాగా ఒక్కరోజున కనిపించేది కాదు. రెండు మూడు వారాలకు బయటపడి, చికిత్స అయిపోయిన తరువాత కూడా వారం పది రోజులు ముదిరి, అప్పుడు గానీ మానడం మొదలుపెట్టదు. ఆ దశలో మిగిలి ఉన్న పలచటి పొరను పట్టుకుని లాగితే, కింద కొత్త పొర సిద్ధంగా ఉండదు. అలాంటి చర్మం మీద ఏ మందు పూశారన్నదానికంటే ఏది అతుక్కుంది, ఎలా ఊడింది అన్నదే ఎక్కువ ముఖ్యమని నేను నా ఒంటి మీద నేర్చుకున్నాను.

ఈ మాట మా డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు. గోరువెచ్చని నీళ్లతో, ఘాటు లేని సబ్బుతో కడుక్కోమన్నారు, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దుకోమన్నారు, వారు రాసిచ్చిన మోమెటాసోన్ అనే స్టెరాయిడ్ క్రీమును పలచగా రాసుకోమన్నారు. ఆ చోట ప్లాస్టరు గానీ టేపు గానీ అతికించవద్దని మరీ మరీ చెప్పారు. పసుపు రాయమన్న మా పెద్దాడపడుచునూ, మెంథాల్ చల్లదనం ఉన్న జెల్ తెచ్చిచ్చిన పక్కింటావిడనూ మర్యాదగా వారించాను. ఇన్ని జాగ్రత్తలు పడిన మనిషికి చివరికి దెబ్బ తగిలింది మీ పార్శిలు నుంచి.

పదిహేనో సిట్టింగు ఏప్రిల్ 27న ముగిసింది. ఆ రోజు నీరు కారుతున్న మడతను చూసి డాక్టరు గారు చీటీ మీద "మృదు సిలికాన్ పూత గల ఫోమ్ డ్రెస్సింగ్, అంచు జిగురు లేనిది, 10 × 10 సెంటీమీటర్లు, 5" అని స్పష్టంగా రాశారు. ఈ రకం డ్రెస్సింగ్ చుట్టూ ఉన్న పొడి చర్మాన్ని మెల్లగా పట్టుకుని ఉంటుంది గానీ తడి గాయానికి అతుక్కోదు, తీసేటప్పుడు చర్మాన్ని వెంట తీసుకుపోదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆ చీటీ ఫొటో మీ యాప్‌లో పెట్టి, చీటీలో ఉన్న వస్తువునే ఎంచుకుని, 2,640 రూపాయలు చెల్లించాను. రాత్రి తొమ్మిది దాటాక పార్శిలు వచ్చింది. విప్పి చూస్తే పేరు వేరుగా ఉంది. ఫోమ్ డ్రెస్సింగ్ అనీ, 10 × 10 అనీ ఉంది గానీ సిలికాన్ అన్న మాట ఎక్కడా కనిపించలేదు. అనుమానం వచ్చి, అప్పుడే మీ నంబరుకు ఫోన్ చేశాను. ఫార్మసిస్టునని చెప్పుకున్న మీ ఉద్యోగి, "రెండూ సేమే మేడమ్, కంపెనీ ఒక్కటే మారింది, భయపడకుండా వేసుకోండి" అన్నాడు. రేడియేషన్ తీసుకుంటున్న చోట వేసుకోవాలని నేను చెప్పాను. ఒక్క క్షణం ఆగి, మళ్లీ అదే మాట అన్నాడు. మీ దగ్గర కాల్ రికార్డు ఉంటుందని ప్రతిసారీ మీరే వినిపిస్తారు కదా, దయచేసి దాన్ని వినండి.

ఆ రాత్రి వేసుకుని పడుకున్నాను. ఏప్రిల్ 28 ఉదయం బూస్ట్ మొదటి సిట్టింగుకు వెళ్లే ముందు తీయబోతే రాలేదు. అది అంచుల వెంట గట్టి జిగురు ఉన్న రకం. అరికాలికో మోచేతికో గాయమైతే బ్రహ్మాండంగా పనికి వస్తుంది, దాని తయారీలో లోపమేమీ లేదు. మా అమ్మాయి కాచి చల్లార్చిన నీళ్లు దూదితో అద్దుతూ దాదాపు ముప్పావు గంట కూర్చుంది. మూడు వైపులా ఊడింది. నాలుగో వైపు ఊడినప్పుడు చర్మం కూడా వచ్చింది. మూడు వేళ్ల వెడల్పున, మడత నుంచి పైకి, బూస్ట్ కోసం గీసిన గుర్తు దాకా పచ్చిమాంసం బయటపడింది. ఆ పిల్ల నా మొహం వైపు చూడకుండా డ్రెస్సింగును చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. పొరపాటు తనదేనని ఇప్పటికీ అనుకుంటోంది. ఈ ఒక్క విషయానికి మీ సంస్థ మీద నాకున్న కోపం వేరు.

ఆసుపత్రిలో చూసిన డాక్టరు గారు బూస్ట్‌ను మే 4కు వాయిదా వేశారు. రేడియేషన్ మధ్యలో అనవసరంగా విరామం రాకూడదన్నది ఈ చికిత్సలో మొదటి సూత్రాలలో ఒకటి. క్యాన్సర్ కణాలకు కోలుకునే వ్యవధి ఇవ్వకూడదని రోజుల లెక్క వేసి సిట్టింగులు ఇస్తారు. నా విషయంలో ఆ వాయిదా వల్ల నష్టం ఉండకపోవచ్చని డాక్టరు గారు ధైర్యం చెప్పారు, నేను నమ్మాను. అయినా ఆ ఆరు రాత్రులు నేను పడుకున్నది ఆ లెక్కతోనే.

ఇక మీ వారి స్పందన. 28వ తేదీనే యాప్‌లో ఫిర్యాదు చేశాను. విప్పిన వైద్య సామగ్రిని వాపసు తీసుకోబోమని మొదటి జవాబు. "ప్రభావితమైన భాగం స్పష్టంగా కనిపించేలా ఫొటో" చాట్‌లో పెట్టమని రెండో జవాబు. ఏ భాగమో నా ఫిర్యాదు మొదటి వాక్యంలోనే రాసి ఉంది. అది చదివి కూడా అడిగారో, చదవకుండానే అడిగారో, రెండింటిలో ఏది నయమో నేను తేల్చుకోలేకపోయాను. ఫొటో పంపనని రాశాను. మే 2న 200 రూపాయల కూపను ఇచ్చారు. మే 4న బూస్ట్ గది బయట కూర్చుని ఉండగా, నా ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కారమైందని, మీ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తానని ఫోనుకు సందేశం వచ్చింది. దాని కిందే నాలాంటి వారు కొంటున్న వస్తువులంటూ సువాసన గల టాల్కం పౌడరును చూపించారు.

వస్తువు మార్చడానికి నేనే అంగీకరించానన్నది మీ వారి ప్రధాన వాదన. ఆర్డరు పేజీ అడుగున "స్టాకు లేనప్పుడు సమానమైన వస్తువు పంపవచ్చు" అన్న గడి ఉందని, అందులో టిక్ ఉందని వారు రాశారు. నేను తరువాత మా అమ్మాయి ఫోనులో కొత్త ఖాతా తెరిచి చూశాను. ఆ టిక్ ముందే పెట్టి ఉంటుంది, తీసేయవలసిన పని కొనేవారిది. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు కొనుగోలుకు అంగీకారాన్ని కొనేవారు స్వయంగా, స్పష్టంగా తెలపాలనీ, ముందే టిక్ పెట్టిన గడుల ద్వారా దాన్ని నమోదు చేసుకోరాదనీ చెబుతున్నాయి. కాబట్టి నా అంగీకారం మీ దగ్గర లేదు. తక్కువ ధర వస్తువు పంపి, మిగిలిన 1,490 రూపాయలను నన్ను అడగకుండా మీ వాలెట్‌లో జమ చేయడం కూడా నేను అంగీకరించినది కాదు. ఆ సొమ్ముతో మళ్లీ మీ దగ్గరే కొనాలి కదా.

డ్రెస్సింగ్ మందు కాదు కాబట్టి చీటీ నియమాలు వర్తించవని కూడా ఒకరు రాశారు. డాక్టరు చీటీలోని షెడ్యూల్ హెచ్ మందుకు, అంటే చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుకు, బదులు వేరొకటి ఇవ్వకూడదని 1945 నాటి ఔషధ నియమాలలో ఉన్నదనీ, డ్రెస్సింగ్ ఆ షెడ్యూలులో లేదనీ నాకు తెలుసు. వాదన గెలవడానికి ఇది మీకు సరిపోతుందేమో. కానీ మందుకు బదులు మందు ఇవ్వకూడదన్న నియమం ఎందుకు పుట్టిందో మీ దుకాణం నడిపే ఫార్మసిస్టులకు ఒకరు చెప్పాలా? చీటీ రాసిన వ్యక్తికి కనిపించిన గాయం, గోదాములో పెట్టె తీసే వ్యక్తికి కనిపించదు కాబట్టే పుట్టింది.

పోల్చడం కోసం ఒక సంగతి రాస్తాను. 28వ తేదీ సాయంత్రం మా వారు కోఠీలో ఒక చిన్న సర్జికల్ దుకాణానికి వెళ్లి మీరు పంపిన డ్రెస్సింగు అట్ట, డాక్టరు చీటీ రెండూ చూపించారు. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన అట్ట చూసి, "ఎక్కడికి సార్, రేడియేషన్ పెట్టిన చోటికా? అయితే ఇది వద్దు, తోలు ఊడొస్తది" అని పక్కన పెట్టి, చీటీలో ఉన్నది తీసిచ్చాడట. ఆయన దగ్గర యాప్ లేదు. ఒక ప్రశ్న అడిగాడు, అంతే. కోఠీలో తెచ్చిన ఆ సిలికాన్ డ్రెస్సింగును నేను రెండు రోజులకొకసారి మార్చుకున్నాను. తీసేటప్పుడు ఒక్కసారి కూడా చర్మం ఊడలేదు. బూస్ట్ మే 8న పూర్తయింది. మడత ఇప్పుడు మానుతోంది, రంగు మాత్రం ఇంకా నల్లగానే ఉంది.

నేను కోరుతున్నది ఇది. ఏప్రిల్ 27న నా ఆర్డరులో వస్తువును మార్చాలని నిర్ణయించింది మనిషా, యంత్రమా, మనిషైతే ఏ అర్హత గల వ్యక్తి అన్నది నాకు లిఖితపూర్వకంగా తెలపాలి. నేను చెల్లించిన 2,640 రూపాయలు పూర్తిగా, వాలెట్‌కు కాక, నా బ్యాంకు ఖాతాకు చేరాలి. కోఠీలో కొన్న డ్రెస్సింగులకూ, వాయిదా వల్ల అదనంగా ఆసుపత్రికి వెళ్లిన రెండు రోజుల ఖర్చుకూ రసీదులు జత చేశాను, వాటిని కూడా చెల్లించాలి. నొప్పికి నేను ధర కట్టడం లేదు. వీటన్నిటికంటే ముఖ్యమైనది, గాయం మీద వేసే వస్తువులకు ఆ బదులు గడిని మీ యాప్ నుంచి తీసేయడం. చీటీతో వచ్చిన డ్రెస్సింగు స్టాకు లేకపోతే లేదని చెప్పండి, మేము వెతుక్కుంటాము. ప్రతి డ్రెస్సింగు పేజీలోనూ అది చర్మాన్ని పట్టుకునేది సిలికాన్‌తోనా, మామూలు జిగురుతోనా అన్నది కొలతల పక్కనే, అంత పెద్ద అక్షరాలతోనే రాయండి. ఫోన్ తీసే ఫార్మసిస్టు "రేడియేషన్" అన్న మాట వినగానే "సేమే" అన్న మాట ఆపి, డాక్టరును అడగమని చెప్పేలా వారికి నేర్పండి.

పైన చెప్పిన నియమాల ప్రకారం ఫిర్యాదును నెల రోజులలో పరిష్కరించవలసిన బాధ్యత మీది. నేను మొదటిసారి రాసిన ఏప్రిల్ 28 నుంచి లెక్కిస్తే ఈ నెల 28తో ఆ గడువు తీరుతుంది. ఆలోగా జవాబు రాకపోతే ఇవే కాగితాలతో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. సెలవులు ఇంకా ఉన్నాయి, తిరగడానికి ఓపిక కూడా వచ్చింది.

డాక్టరు చీటీ నకలు, మీ బిల్లు, మీరు పంపిన డ్రెస్సింగు అట్ట ఫొటో, చాట్ ప్రతులు, గాయం గురించీ వాయిదా గురించీ డాక్టరు గారు రాసిచ్చిన ధ్రువపత్రం, రసీదులు జత చేశాను. గాయం ఫొటో జత చేయలేదు, చేయను. దయచేసి జవాబు ఉత్తరం ద్వారా గానీ ఈ-మెయిల్ ద్వారా గానీ పంపండి. ఫోన్ చేయవద్దు.

ఇట్లు,
ఏప్రిల్ 27 నాటి ఆర్డరు ఖాతాదారు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్.