కరెంటు పొదుపు చేసిన చిన్న ఆఫీసులను కూడా గుర్తించండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

మిర్యాలగూడ నుంచి ఒక చిరు వ్యాపారి నమస్కారాలు. ఈ విషయమై సంబంధిత కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చాం. జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను.

ఏటా డిసెంబర్ 14న జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం జరుగుతుంది. ఆ రోజు సన్మానాల్లో మా మడిగెల్లోని ఆఫీసులు ఎవరికీ గుర్తుకు రావు. మా పక్కన విత్తనాల వ్యాపారి అప్పు చేసి మరీ పాత ఫ్యాన్లు తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగించారు. పాతది దాదాపు 75 వాట్లు లాగితే, కొత్తది 30 వాట్ల దగ్గర ఆగుతుంది. రోజుకు పది గంటలు తిరిగే ఎనిమిది ఫ్యాన్ల మీద మూడున్నర యూనిట్లకు పైగా మిగులు. రేకుల కప్పుకు తెల్ల సున్నం కూడా వేయించారు. లెక్కలు రాసే అమ్మాయి ఇప్పుడు మే నెలలోనూ మధ్యాహ్నం దాకా ఏసీ అడగట్లేదు. ఇంత చేసినా ‘శభాష్’ అన్నవాళ్లు లేరు. పక్క మడిగెల వాళ్లు ‘మనకెందుకీ ఖర్చు’ అంటున్నారు.

బిల్లు తగ్గడం ఒక్కటే చూడొద్దని మనవి. ఫ్యాన్లు కట్టేసి గుమాస్తాలను చెమటలో కూర్చోబెట్టినా బిల్లు తగ్గుతుంది! ఏడాది బిల్లులతో పాటు ఆఫీసును కళ్లారా చూసి, అక్కడ పనిచేసేవాళ్లను అడిగి ఎంపిక చేయాలి.

ఈ డిసెంబర్ 14కు జిల్లాలో చిన్న ఆఫీసులకు ప్రత్యేక విభాగం పెట్టి ప్రశంసాపత్రాలు ఇవ్వాలి. దరఖాస్తు తేదీలను నవంబర్‌లోపే ప్రకటించాలి. మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు.

భవదీయుడు,
మిర్యాలగూడ వ్యాపారి