తెచ్చే కుక్కకు ముందుగా నేర్పేది ఆగడం

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

ఆర్యా,

గత వారం మీ ఆదివారం అనుబంధంలో విదేశీ వేటకుక్కల శిక్షణ గురించి వచ్చిన వ్యాసం చదివాను. అమెరికాలో బాతుల వేటకు తీసుకెళ్లే రిట్రీవర్ జాతి కుక్కలను శిక్షకులు ఆకలికి మాడ్చి, కొట్టి, పక్షుల మీదికి ఉసిగొల్పుతారని అందులో రాశారు. ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి, ఆ శిక్షణను కొన్ని నెలలపాటు దగ్గరుండి చూసినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. ఇది వేటను సమర్థిస్తూ రాస్తున్న ఉత్తరం కాదు. కొల్లేటి పక్క ఊళ్లో పుట్టి పెరిగిన నాకు చలికాలంలో దిగే సూదితోక బాతులను చూడడమే ఇష్టం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటి వేటను నిషేధించడం సబబేనని నా అభిప్రాయం. అయినా ఒక వృత్తిని తప్పుపట్టేముందు అందులో ఏం జరుగుతుందో సరిగ్గా చెప్పాలి కదా.

ముందుగా ఆకలి మాట. కడుపు మాడ్చిన కుక్క నోటికి దొరికిన బాతును యజమాని చేతిలో పెట్టదు, జమ్ములో కూర్చుని తినేస్తుంది. రిట్రీవర్ అన్న పేరుకు అర్థమే తెచ్చి ఇచ్చేదని. పక్షిని తరమడం, పట్టి చంపడం దాని పని కానే కాదు. తుపాకీ దెబ్బకు పక్షి ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకుని, పొమ్మన్నప్పుడే వెళ్లి, పిల్లి తన కూనను మెడ పట్టి మోసినంత మెత్తగా, పన్ను దిగకుండా తెచ్చి చేతికివ్వడమే దాని పని. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల వెంట ఉండే నీటికుక్కలను పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్ ప్రభువులు తెచ్చుకుని, ఈ గుణమున్న వాటినే ఏరి కట్టించగా లాబ్రడార్ రూపొందింది. స్కాట్లాండులో 1868లో, తర్వాతి కాలంలో ట్వీడ్‌మౌత్ ప్రభువైన భూస్వామి ఎస్టేటులో పుట్టిన పిల్లలతో గోల్డెన్ రిట్రీవర్ మొదలైంది. తరాల తరబడి రక్తంలో ఇంకించిన ఆ మెత్తని నోటిని కొట్టో మాడ్చో చెడగొట్టుకునే వృత్తి శిక్షకుడు నాకు తెలిసి ఉండడు, ఎందుకంటే పళ్ల గాట్లు పడిన పక్షిని తెచ్చే కుక్కకు వేటగాళ్ల దగ్గర విలువ లేదు.

నేను చూసింది ఆర్కన్సా రాష్ట్రంలో. మా అమ్మాయి ఉద్యోగం లిటిల్‌రాక్‌లో. అక్కడికి గంట ప్రయాణంలో ఉండే స్టట్‌గార్ట్ అనే చిన్న పట్నం తనను తాను వరికీ బాతులకూ ప్రపంచ రాజధానిగా చెప్పుకుంటుంది. 1936 నుంచీ అక్కడ బాతులా కూసి పిలిచే పోటీలు జరుగుతున్నాయి. కోతలయ్యాక వరి కొయ్యకాళ్ల మీద నీళ్లు నిలబెడితే, రాలిన గింజల కోసం మిసిసిపీ నది దారిన దక్షిణాదికి వలసవచ్చే మల్లార్డ్ బాతులు దిగుతాయి. గట్లు, బోదెలు, నీళ్లు నిలిచిన మళ్లు చూస్తే కైకలూరు దగ్గరి చేలల్లో ఉన్నట్టే అనిపించింది, మనుషులు కనబడకపోవడం ఒక్కటే తేడా. మా అల్లుడితోపాటు పనిచేసే ఒకాయన తన కుక్కను ఆ పక్కనే ఒక శిక్షకుడి దగ్గర వదిలాడు. అలా పరిచయమై, ఆ శరదృతువంతా వారానికి రెండు మూడు పొద్దుటిపూటలు ఆ శిక్షకుడి పొలంలోనే గడిపాను.

ఆయన దగ్గర పద్దెనిమిది కుక్కలుండేవి. ఒక్కోదానికి రోజుకు పావుగంటకు మించి పని ఉండదు. మిగతా సేపు అది ట్రక్కులో తన అరలో పడుకునో, పక్క కుక్క పనిచేయడం చూస్తూనో ఉంటుంది. పిల్ల ఆరో నెలకు వచ్చి పాలపళ్లు ఊడి గట్టిపళ్లు వచ్చాకే అసలు శిక్షణ మొదలుపెడతాడు. మూడు నాలుగు నెలల్లో మామూలు వేటకు పనికొచ్చేలా తయారవుతుంది గానీ, పూర్తిగా తేరిన కుక్క కావాలంటే రెండేళ్లు పడుతుందని చెప్పేవాడు. మొదటి వారాల్లో నేర్పేది మూడే మాటలు: కూర్చోవడం, పక్కన నడవడం, పిలిస్తే రావడం. ఒక పొడుగు ఈల వేస్తే ఎక్కడున్నా కూర్చుని ఆయన వైపు చూడాలి. వరసగా పొట్టి ఈలలు వేస్తే వెనక్కి రావాలి. ఇంతేనా అనిపించింది నాకు కూడా.

ఇంతే కాదని ఒక ఉదయం తెలిసింది. ఏడాదిన్నర వయసున్న నల్ల లాబ్రడార్‌ను ఆయన ఎడమ మోకాలి పక్కన కూర్చోబెట్టాడు. ఎనభై గజాల అవతల సహాయకుడు ఉత్తుత్తి తుపాకీ పేల్చి, పక్షికి బదులు వాడే తెల్లటి డమ్మీని గాల్లోకి విసిరాడు. అది నీళ్లలో పడ్డ చప్పుడుకు కుక్క ఒళ్లంతా వణికింది, పళ్లు టకటకలాడాయి, ముందరి కాళ్ల గోళ్లు మట్టిలోకి దిగాయి. కానీ పిరుదులు మాత్రం నేలను వదల్లేదు. ఆయన వెంటనే పంపలేదు. టోపీ సర్దుకున్నాడు, నాతో వాతావరణం గురించి ఒక మాట మాట్లాడాడు, అప్పుడు మెల్లగా దాని పేరు పలికాడు. ఆ పేరు పలకడమే వెళ్లమన్న ఆజ్ఞ. విల్లు వదిలిన బాణంలా వెళ్లింది. మరుసటిసారి డమ్మీ పడగానే, దీన్ని కూర్చోబెట్టే ఉంచి పక్క కుక్కను పంపాడు. పక్కవాడి వంతుకు గౌరవమివ్వడం కూడా పాఠమేనట. పరుగెత్తడం దానికి పుట్టుకతో వచ్చింది, ఆగడం మాత్రమే నేను నేర్పేది, ఇచ్చే డబ్బంతా దానికేనని ఆయన అన్నాడు. కుక్క ముందుగా లేచిందంటే చలి నీళ్లలో పడవ తలకిందులు కావచ్చు, గురిపెట్టిన తుపాకీకి అడ్డం రావచ్చు కనుక అది వట్టి మర్యాద కోసం కాదు.

చూసిన పక్షిని తేవడం ఒక ఎత్తు, చూడనిదాన్ని తేవడం మరో ఎత్తు. వేటగాడికి కనబడి కుక్కకు కనబడకుండా పడిన బాతు కోసం దానిని ఈలతో, చేతి సైగతో నడిపించాలి. దీనికి వాడే డమ్మీలు నారింజ రంగువి. కుక్క కంటికి ఎరుపూ పచ్చా తేడా తెలియదు కాబట్టి పచ్చగడ్డిలో నారింజ డమ్మీ మనకు దీపంలా కనబడుతుంది, దానికి గడ్డిలో కలిసిపోతుంది. ముక్కు మీదా యజమాని మీదా నమ్మకం తప్ప వేరే దారి ఉండదు. ఆయన కుక్క వెన్నెముకను వెళ్లాల్సిన దిక్కుకు సూటిగా నిలబెట్టి, దాని తల పైన అరచేతిని నిలువుగా పెట్టి పంపేవాడు. దారిలో గాలికి పక్కకు జరిగితే పొడుగు ఈల. కుక్క నీళ్లలోనే వెనక్కి తిరిగి, కాళ్లాడిస్తూ, చెవులు తేలేసుకుని ఆయన చేతి వైపు చూసేది. చెయ్యి కుడికి చాస్తే కుడికి, పైకెత్తితే ఇంకా ముందుకు. అన్నిటికన్నా కష్టమైన పాఠం, నమ్మండి, గట్టు. చెరువు అవతల ఒడ్డున డమ్మీ ఉంటే తెలివైన ఏ కుక్కయినా ఈదడం మానేసి గట్టెంబడి పరుగెత్తుతుంది. దాన్ని అక్కడ మోసం కింద లెక్కేస్తారు, ఎందుకంటే చుట్టూ తిరిగేసరికి అది సూటి గీతను మరచిపోయి, పక్షి పడిన చోటు దాటేస్తుంది. మోసం చేసిన ప్రతిసారీ ఆయన కోప్పడకుండా వెనక్కి పిలిచి, ఒడ్డుకు ఇంకా దగ్గరగా నిలబెట్టి, దూరం తగ్గించి, మళ్లీ పంపేవాడు. మా ఊళ్లో నాట్లేసేవాళ్లు మడి మధ్యలోంచి నడవని పిల్లల్ని ఇంతకన్నా గట్టిగా తిడతారు.

తుపాకీ చప్పుడును అలవాటు చేసే పద్ధతి మన దీపావళి ఇళ్లకు పనికొచ్చేది. పిల్ల ఆనందంగా పక్షి వెంట పరుగెత్తే క్షణంలో నూరు గజాల దూరం నుంచి చిన్న శబ్దం, కొన్నాళ్లకు కాస్త దగ్గరగా, ఇంకొన్నాళ్లకు ఇంకాస్త. తల పక్కన హఠాత్తుగా పేల్చారంటే ఆ భయం జన్మలో వదలదు. పక్షులను ఆకర్షించడానికి నీళ్ల మీద తేల్చే దీమం బాతుల, అంటే బొమ్మ బాతుల, మధ్య నుంచి వాటి తాళ్లకు చిక్కకుండా ఈదడం కూడా ముందు ఎండిన నేల మీదే నేర్పుతారు.

మీ వ్యాసకర్త అసలు నిలదీయవలసిన చోట్లు రెండున్నాయి, వాటిని ఆయన తాకనే లేదు. ఒకటి, నోట పట్టించే శిక్షణ. కుక్క చెవిని మడిచి నొక్కితే నొప్పికి నోరు తెరుస్తుంది, డమ్మీ నోట్లోకి వెళ్లగానే నొక్కు వదిలేస్తారు. పట్టుకుంటే బాధ పోతుందని అది గ్రహిస్తుంది. రెండోది విద్యుత్ పట్టీ, అంటే మీట నొక్కితే కుక్క మెడకు షాక్ తగిలించే పట్టీ. కాలిఫోర్నియాకు చెందిన రెక్స్ కార్ వంటి శిక్షకులు గత శతాబ్దంలో దానికొక క్రమపద్ధతి ఏర్పరచారు. కుక్కకు ముందే తెలిసిన ఆజ్ఞను దూరం నుంచి గుర్తుచేయడానికే తప్ప కొత్తది నేర్పడానికి దాన్ని వాడకూడదన్నది వాళ్ల నియమం. నేను చూసినాయన ఈ నియమం తప్పలేదు, ముందు ఆ పట్టీని తన చేతికి పెట్టి మీట నొక్కి చూపించాడు కూడా. అయినా ఆయనతో నేను ఏకీభవించలేదు. చెవి నొక్కకుండా, మంచి నెమ్మదిగల పిల్లలను ఏరుకుని, ఓపికతోనే నేర్పే సంప్రదాయం బ్రిటన్‌లో ఉంది. వేల్స్‌లో 2010 నుంచి ఆ పట్టీ నిషిద్ధం కూడా. ఓపికతో అయ్యే పనిని నొప్పితో త్వరగా చేయించడం, నెల తిరిగేసరికి ఫలితం చూపించవలసిన వ్యాపారం తెచ్చిన తొందరే తప్ప కుక్కకు కావలసింది కాదు.

ఈ శిక్షణకు వేటగాడి సరదాను మించిన ప్రయోజనం కూడా ఉంది. రెక్కకు గుళ్లు తగిలి జమ్ములోకి దూరిన బాతును మనిషి వెతికి పట్టలేడు. అది రోజుల తరబడి నరకయాతన పడి చస్తుంది. చంపిన లేదా గాయపరిచిన పక్షిని దక్కించుకోవడానికి తగిన ప్రయత్నం చేసి తీరాలని అక్కడి ఫెడరల్ నిబంధన. బాతుల వేటకు వెళ్లే పదహారేళ్లు దాటిన ప్రతివాడూ ఏటా కొనవలసిన స్టాంపు 1934 నుంచి ఉంది, ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొంటారు. 1959 నాటి స్టాంపు మీద బాతును నోట కరచుకున్న కింగ్ బక్ అనే నల్ల లాబ్రడార్ బొమ్మ వేసి, రిట్రీవర్లు వేట పక్షులను కాపాడతాయన్న మాట అచ్చువేశారు. 1952, 1953లలో వరసగా జాతీయ పోటీ గెలిచిన కుక్క అది. మన భరత్‌పూర్‌లో 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కూల్చినట్టు రాతి మీద చెక్కి ఉంది. కూలి, దొరక్క, గడ్డిలో కుళ్లినవాటిని ఎవరూ చెక్కలేదు.

ఇక మన ఊళ్ల సంగతి. హైదరాబాదులో, విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటులో గొలుసుకు కట్టి, పెరుగన్నమూ బిస్కెట్లూ పెట్టి పెంచే లాబ్రడార్ ఈ కుక్కే. నా దగ్గరికి వచ్చిన లాబ్రడార్లలో సగానికి పైగా బరువు సమస్యతోనే వచ్చేవి, అంతా యజమానుల ముద్దు అనుకునేవాణ్ణి. కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో తేల్చిందేమిటంటే, దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఆకలిని అదుపుచేసే ఒక జన్యువులో లోపం ఉంది, సహాయక శునకాలుగా ఎంపికైనవాటిలో అది మరీ ఎక్కువ. తిండి మీద యావే దానికి చదువు వంటబట్టేలా చేస్తుందేమో. పని ఇస్తే విద్య, ఇవ్వకపోతే కొవ్వు. మన పోలీసు దళాల్లో లాబ్రడార్ మందుపాతరలను పసిగట్టేది కూడా చివర్లో తనకు దొరికే బంతి కోసమే.

ఇక్కడ శిక్షణ పేరుతో జరిగేది నాకు అనుభవమే. మా పసుపుపచ్చ లాబ్రడార్‌ను ఒక నగరంలో నెల రోజుల శిక్షణకు వదిలాం. పేరు చెప్పను. తిరిగి వచ్చినప్పుడు అది చెయ్యిస్తే కాలు అందించేది, రెండు కాళ్ల మీద నిలబడేది. ఎవరైనా చీపురు తీస్తే మాత్రం మంచం కింద దూరి మూత్రం పోసుకునేది. ఆ నెలలో ఒక్కరోజు కూడా మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. ఆర్కన్సా శిక్షకుడు మాత్రం యజమాని వారానికొకసారి వచ్చి, తన ముందు ఈల వేసి చూపించకపోతే కుక్కను అప్పగించనని ఖరాఖండిగా చెప్పేవాడు. కుక్కను వదిలే ముందు పని జరిగేటప్పుడు చూడనిస్తారా అని అడిగి తెలుసుకోమని మీ పాఠకులకు నా మనవి.

చివరిగా ఒక సవరణ. వ్యాసంతో అచ్చయిన ఫొటో కింద గోల్డెన్ రిట్రీవర్ అని ఉంది. ఎండుగడ్డి రంగు, నడుము మీద అలలు తిరిగిన పొట్టి జుట్టు, పసుపు కళ్లు ఉన్న ఆ కుక్క చెసాపీక్ బే రిట్రీవర్. వచ్చే సంచికలో సరిదిద్దగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు,
ఏలూరు