చేపల మేతకు పెరటి ఆకులు: మిత్రుడికి ఉత్తరం

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. పెరట్లో తొట్టి కట్టించి, దాని పక్కనే మొక్కల పరుపులు కూడా అమర్చుకున్నావని చదివి ఎంతో సంతోషించాను. చేపల నీటితో మొక్కలు పెరుగుతున్నప్పుడు ఆ మొక్కలనే చేపలకు వేస్తే గుళికల మేత కొనవలసిన అవసరమే ఉండదు కదా అని అడిగావు. పూర్తిగా మానేయడం కుదరదు, కానీ బాగా తగ్గించుకోవచ్చు. ఎందుకు కుదరదో, ఎంత వరకు తగ్గించవచ్చో వివరంగా రాస్తాను, తీరికగా చదువు.

ముందుగా బరువు సంగతి. డక్‌వీడ్ నీటి మీద ఆకుపచ్చని పొరలా తేలుతూ, వెచ్చదనమూ పోషకాలూ అందితే రెండు మూడు రోజుల్లోనే రెట్టింపయ్యే చిన్న మొక్క. ఎండబెట్టి తూచితే అందులో 20 నుంచి 40 శాతం వరకు మాంసకృత్తులు ఉంటాయి కాబట్టి చాలామంది దాన్ని గుళికలకు సాటి అనుకుంటారు. అయితే పచ్చి డక్‌వీడ్‌లో 92 నుంచి 95 శాతం నీరే. అంటే కిలో పచ్చి మేతలో 50 నుంచి 80 గ్రాముల పొడి పదార్థం మాత్రమే ఉంటుంది. గుళికలు సుమారు 90 శాతం పొడి పదార్థమే కనుక, 100 గ్రాముల గుళికల స్థానంలో కిలో నుంచి దాదాపు రెండు కిలోల పచ్చి డక్‌వీడ్ వేయాలన్నమాట. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే ఎంత వైశాల్యంలో పెంచాలో నీకే తెలిసిపోతుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది నత్రజని లెక్క. చేప తిన్న మేతలోని నత్రజనిలో పావు వంతో, మూడో వంతో మాత్రమే దాని ఒంటికి పడుతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం మొప్పల ద్వారా అమ్మోనియాగా నీటిలో కలుస్తుంది. బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ పైన నైట్రేట్‌గా మారిస్తే మొక్కలు తీసుకుంటాయి. నువ్వు కోసుకునే ప్రతి ఆకుకూర కట్ట, పట్టే ప్రతి చేప ఈ చక్రం నుంచి కొంత నత్రజనిని, భాస్వరాన్ని బయటికి పట్టుకుపోతుంది. ఆ లోటు తీర్చే పోషకం బయటి నుంచి రాకపోతే తొట్టి క్రమంగా బలహీనపడుతుంది. ఇప్పటి వరకు ఆ పని చేస్తున్నది గుళికల మేతే.

అందుకే నీటి మీద తేలే చిన్న ఫెర్న్ మొక్క అజొల్లా అంటే నాకు ప్రత్యేకమైన మక్కువ. దాని ఆకు మడతల్లోని సన్నని గదుల్లో నివసించే సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. తక్కిన ఆకులు తొట్టిలో ఉన్న నత్రజనినే తిప్పి తిప్పి తెస్తాయి, అజొల్లా కొత్త నత్రజనిని కూడా తెస్తుంది. భాస్వరం మాత్రం దానికీ నీటి నుంచే దొరకాలి. ఎండ మరీ ఎక్కువైనా, భాస్వరం తగ్గినా దాని ఆకులు ఎర్రబారతాయి. అప్పుడు కాస్త నీడ కల్పించి, చేపల తొట్టి నీటిని అందులోకి కొంత మళ్లించి చూడు.

డక్‌వీడ్‌ను, అజొల్లాను చేపల తొట్టిలోనే వదలకూడదు. తిలాపియా గుంపు ఆ పచ్చని పొరను అంచు నుంచి మొదలుపెట్టి, వేర్లతో సహా లాక్కుని ఇట్టే ఖాళీ చేస్తుంది. తినగా మిగిలినవి పంపులో ఇరుక్కుంటాయి. పక్కన లోతు తక్కువైన వేరే తొట్టిలో పెంచి, ఎప్పుడూ సగం పొర మిగిలేలా జల్లెడతో తీసుకుని, కడిగి వెయ్యి. చెరువుల్లో, కాలువల్లో దొరికే డక్‌వీడ్‌ను మాత్రం నేరుగా తెచ్చి వెయ్యవద్దు. అది నీటిలోని భార లోహాలను పీల్చుకుంటుంది, దానితోపాటు నత్తలూ పరాన్నజీవులూ రావచ్చు.

ఇక ఏ చేపకు ఏం వెయ్యాలన్నది. ఆకు మేతకు తిలాపియా, గడ్డి చేప బాగా తగినవి. గడ్డి చేపకు గొంతులో ఆకును నలిపే పళ్లు ఉంటాయి. తిలాపియా పేగు దాని ఒంటి పొడవుకు ఎన్నో రెట్లు, పైగా జీర్ణాశయంలో ఆమ్లం ఎంతో ఘాటుగా ఉండటం వల్ల నాచు కణాలు కూడా విచ్చిపోతాయి. ట్రౌట్ వంటి మాంసాహార చేపలను ఆకులతో పెంచాలనుకోవడం వాటికి అన్యాయం చేయడమే. తిలాపియా పిల్లలకు కూడా మొదట్లో మాంసకృత్తులు ఎక్కువగా ఉండే గుళికలే కావాలి, అరచేతి పొడవుకు వచ్చాక ఆకులు అలవాటు చెయ్యి.

పరుపుల మీద నుంచి లెట్యూస్ బయటి ఆకులు, తూటికూర, చిలగడదుంప తీగల లేత ఆకులు వెయ్యవచ్చు. కట్టగా కట్టి నీటిలో వేలాడదీస్తే చేపలు మెత్తని భాగమంతా గీరి తిని ఈనెలను వదిలేస్తాయి. ఆ ఈనెలను సాయంత్రానికి తీసేయాలి, లేకపోతే అవి కుళ్లి నీటిలోని ప్రాణవాయువును తినేస్తాయి. మునగాకులో మాంసకృత్తులు బాగానే ఉన్నా శాపోనిన్లు, టానిన్లు అనే చేపలకు పడని పదార్థాలు కూడా ఉంటాయి కాబట్టి నీడన ఎండబెట్టి పొడి చేసి, మేతలో పదో వంతుకు మించకుండా కలపడం మంచిది. సుబాబుల్ ఆకులో మిమోసిన్ అనే విషం ఉంది. పచ్చి చేమ ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. టమోటా, బంగాళాదుంప ఆకుల జోలికి అసలు పోవద్దు. పురుగుల కోసం ఏ మందు చల్లినా, అది వేప ద్రావణమైనా, సబ్బు నీరైనా, ఆ ఆకులు చేపల దగ్గరికి రానివ్వకు.

ఆకు మేతలో పీచు ఎక్కువ కనుక వ్యర్థం కూడా పెరుగుతుంది. ఫిల్టర్ ఇదివరకటి కంటే తరచుగా కడగవలసి వస్తుందని ముందే అనుకుని ఉండు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2014లో వెలువరించిన చిన్నతరహా ఆక్వాపోనిక్స్ (నీలాగా చేపలనూ మొక్కలనూ ఒకే నీటితో పెంచే పద్ధతి) కరదీపికలో, ఆకుకూరలు పెంచే ప్రతి చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత వెయ్యాలని ఉంది. అది గుళికల లెక్క. నా సలహా ఏమిటంటే, మొదట ఆ గుళికల్లో ఐదో వంతు తగ్గించి, దానికి సరిపడే ఆకు మేతను పొడి బరువు లెక్కన వెయ్యి. కొన్ని వారాల పాటు అమ్మోనియా, నైట్రేట్ పరీక్షలు రాసి పెట్టుకో. చేపల ఎదుగుదల, పరుపుల మీది ఆకుల రంగు నిలకడగా ఉంటే మూడో వంతు వరకు వెళ్లవచ్చు. అక్కడి నుంచి ముందుకు వెళ్లాలంటే మాత్రం చేపలు నెమ్మదిగా పెరగడానికి నువ్వు సిద్ధపడాలి. అందులో తప్పేమీ లేదు, కానీ తెలిసి చెయ్యి.

ఈసారి రాసేటప్పుడు నీ తొట్టి ఎన్ని లీటర్లదో, పరుపుల వైశాల్యం ఎంతో, ఉదయం నీటి వేడి ఎన్ని డిగ్రీలు ఉంటోందో తప్పక రాయి. నీరు 20 డిగ్రీల కంటే చల్లబడితే తిలాపియా మేత బాగా తగ్గిస్తుంది, ఆ రోజుల్లో ఆకులైనా గుళికలైనా తగ్గించే వెయ్యాలి. ఆ వివరాలు వస్తే అజొల్లా తొట్టి ఎంత పెద్దది కావాలో లెక్క కట్టి పంపిస్తాను.

ఇట్లు,
నీ స్నేహితుడు